కెంపుపాలెంలో తడిగాలి

దుమ్ముకారు, మంగళవారం

ఈ రోజు నా సాక్సోఫోన్ తోక తొక్కిన పిల్లిలా కేకేసింది. మంచి వరస మధ్యలో ఉన్నాను. భూషణం డ్రమ్ము మీద దరువు ఎత్తుకున్నాడు, నేను పై స్థాయికి ఎక్కబోతున్నాను, అంతలో కీచుమంది. నోటి దగ్గర బిగించిన రీడు కొస నుంచి మధ్య దాకా నిలువునా చీలిపోయింది.

భూషణం చెయ్యి ఆపకుండానే, "అక్కా, ఎవర్నైనా చంపేవా ఏంటి?" అన్నాడు.

నవ్వు ఆగక వాయిద్యం కింద పెట్టాల్సి వచ్చింది. నవ్వడం అయ్యాక ఏడుపొచ్చింది. మంచి రీడ్లు ఇక మూడే మిగిలాయి. భూమి నుంచి వచ్చే ఓడలో నా కోటా బరువంతా రీడ్లకే రాయించాను గానీ, ఆ ఓడ ఇంకా బయలుదేరనే లేదు.

రీడంటే పెద్ద వస్తువేమీ కాదు. ఒక జాతి రెల్లు కాడ నుంచి చెక్కిన బొటనవేలంత బద్ద. నా ఊపిరికి అది వణికితేనే ఇంత ఇత్తడి గొట్టమూ పాడుతుంది. చెక్కి పెట్టెలో పెట్టినా అది మొక్క బుద్ధి మానదు. గాలిలో తడి తగ్గితే అంచులు అలలు తిరిగి చీలుతుంది. తడి ఎక్కువైతే ఉబ్బి బూజు పడుతుంది. అంగారకుడి మీద మా కెంపుపాలెం గాలేమో అప్పడాలు ఎండబెట్టుకోవడానికి మహా శ్రేష్ఠం. మనుషులకే కొంచెం కష్టం. పెదాలు చీలుతాయి, మడమలు చీలుతాయి, తలుపు గడియ ముట్టుకుంటే చిటుక్కున నిప్పురవ్వ లేస్తుంది. మా ఊపిరిలో, చెమటలో, వంటలో పుట్టే తడినంతా గాలి యంత్రం పీల్చి నీళ్ల తొట్టెలోకి పంపేస్తుంది.

సాయంత్రం సలోమి వచ్చింది. మా ఆసుపత్రి నర్సు, భూషణానికి కాబోయే భార్య. కెంపుపాలెంలో జరగబోయే మొట్టమొదటి పెళ్లి వీళ్లదే. చీలిన రీడు చేతిలోకి తీసుకుని, దెబ్బ తగిలిన వేలిని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"కుట్లు వేస్తే అతకదా అక్కా?"

"అతకదమ్మా."

"నాకు అయ్యన్నీ తెలీదు. పెద్ద సొరంగం ఈ కొస నుంచి ఆ కొసకి సాక్సోఫోన్‌తో ఊరేగింపు జరగాల్సిందే. రికార్డు పెట్టుకుని ఊరేగడానికి నేనేవన్నా సామాన్ల బండినా?"

"పెళ్లికొడుకే డ్రమ్ము కొట్టుకుంటా నడవాలి మరి."

"కొడతాడు. పెళ్లయ్యేక ఎలాగూ నేను చెప్పినట్టేగా!"

నేను మాటిచ్చేశాను. మూడు రీడ్లు చేతిలో పెట్టుకుని మాటిచ్చేశాను.

గురువారం

తట్టింది! షెడ్డులో గెంతాను. ఇక్కడ బరువు తక్కువ కదా, తల వెళ్లి పైకప్పుకు తగిలింది. బొప్పి కట్టింది. అయినా నవ్వుతూనే ఉన్నాను.

నేను పనిచేసేది మట్టి కడిగే షెడ్డులో. ఇక్కడి ఎర్రమట్టిలో ఒక విషపు ఉప్పు ఉంటుంది. దాన్ని కడిగేస్తే తప్ప తోటలో మొక్క బతకదు. మేం దాన్ని చేదుప్పు అంటాం. కడగగా మిగిలిన చేదుప్పు షెడ్డు వెనక గాలి చొరని గదిలో గుట్టలుగా పడి ఉంది. నేను చదివిందీ ఉప్పుల రసాయనమే. ఇన్నాళ్లూ ఉప్పుల మధ్య బతుకుతూ రీడ్ల కోసం ఏడవడమేమిటి?

తినే ఉప్పును ముద్దగా తడిపి, మూత బిగించిన పాత్రలో పెడితే, లోపలి గాలి తడి నూటికి డెబ్బై అయిదు దగ్గర నిలబడిపోతుంది. గాలి ఎండితే ఉప్పుముద్ద తడి ఇస్తుంది. గాలి చెమ్మగిల్లితే పుచ్చుకుంటుంది. రీడుకు సరిగ్గా ఇలాంటి అత్తగారే కావాలి. గారాబం చెయ్యదు, కడుపు మాడ్చదు.

అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ ఖాళీగా ఉంది. అడుగున ఉప్పుముద్ద వేశాను. అది తగలకుండా పైన చిల్లుల పళ్లెం, పళ్లెం మీద గాజుపలక. రీడ్ల చదును వైపు గాజుకు ఆనించి రబ్బరు బ్యాండు చుట్టాను, వంకర పోకుండా. షెడ్డులో తడి కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంటే దాన్నీ లోపల పడేసి మూత బిగించాను. నేను తాగే నీళ్లలో సగం గ్లాసు ఖర్చయింది.

శుక్రవారం, కొసరులో

అంగారకుడి రోజు భూమి రోజు కన్నా నలభై నిమిషాలు పెద్దది. ఆ ఎక్కువను ఎక్కడ పెట్టుకోవాలో మొదట్లో పెద్ద తగవు జరిగిందట. చివరికి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్లో గడియారాలన్నీ ఆపేసి, ఆ కాసేపటికీ కొసరు అని పేరు పెట్టుకున్నారు. కూరగాయలమ్మి ఉత్తినే సంచిలో వేసే కరివేపాకు రెబ్బ లాంటిది. ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. నా సాధనంతా అప్పుడే.

జాడీ మూత తీశాను. మీటరు డెబ్బై అయిదు చూపిస్తోంది. రీడ్ల అంచులు గాజుపలకలా చదునుగా ఉన్నాయి. ఒకటి బిగించి ఊదితే వెన్నలో వేలు పెట్టినట్టు పలికింది. ఒకటే చిక్కు. ఎన్నిసార్లు తోమినా జాడీకి మెంతిపిండి వాసన పోలేదు, అది రీడ్లకు పట్టింది. కింది స్థాయిలో ఊదినా పై స్థాయిలో ఊదినా నోట్లో ఆవకాయే. వరస సగంలో ఆపి వెళ్లి అన్నం తినొచ్చాను.

శనివారం

తలుపు తట్టింది నరసరాజుగారు. ఊరి గాలికి ఆయనే అధికారి. పేరులోనే రాజు ఉంది కాబట్టి ఊరంతా ఆయన్ని గాలిరాజుగారు అంటుంది, ఎదురుగా తప్ప. భీమవరం మనిషి. నుదుటి మీద మూడు దిగులు గీతలు, చేతిలో తడి వాసన పసిగట్టే పెట్టె. అది నా గదిలోకి రాగానే కుయ్యిమంది.

"ఏవండీ కుముదినిగారూ, తమరి గదిలో తడి ఎక్కువగా ఉందండి."

వాయిద్యం పెట్టెలో నేను ఆరేసిన తడి గుడ్డ ఒకటి ఉంది. ఉప్పు జాడీ ఆలోచన తట్టకముందు చేసిన ఏర్పాటు. దాన్ని తీసి చేతిలో పెట్టాను. ఆయన రెండు వేళ్లతో పట్టుకుని సంచిలో వేసుకున్నారు, చచ్చిన ఎలుకను వేసుకున్నట్టు. తర్వాత చూపు జాడీ మీద పడింది.

"ఊరగాయాండి?" గొంతులో ఆశ దాగలేదు.

"రీడ్లగాయండి."

మూత తీసి చూపించాను. ఆయన లోపలికి తొంగిచూసి, మీటరు చూసి, మూత బిగింపు వేలితో నొక్కి చూశారు.

"మూత బిగుతుగానే ఉందండి. ఇది తప్పు కాదు. ఆ గుడ్డే తప్పు."

"గుడ్డంత తడికి ఊరు మునిగిపోద్దా రాజుగారూ?"

నేను నవ్వుతూ అన్నాను. ఆయన నవ్వలేదు.

"మునగదండి. కొత్తల్లో ఓసారి కరెంటు బోర్డులోకి నీటిచుక్క దిగిందండి. ఒక్కటే చుక్క. బయటి తలుపు సగంలో బిగుసుకుపోయింది. అవతల మా తమ్ముడున్నాడు. తీసేసరికి వాడి సిలిండర్‌లో గాలి అయిపోవచ్చింది. బతికేడు లెండి. కానీ మళ్లీ ఇక్కడ ఉండలేకపోయేడు. తిరుగు ఓడెక్కి ఎల్లిపోయేడు."

ఉన్న అప్పడాల్లో రెండు వేయించి పెట్టాను. కరకరలాడించుకుంటూ వెళ్లిపోయారు.

సోమవారం

దుమ్ము తుఫాను విరుచుకుపడింది. ఆకాశం చారు రంగుకు తిరిగింది. సోలార్ పలకలు చూసేది భూషణమే. పలకల మీద దుమ్ము దులిపి లోపలికి వచ్చేసరికి మళ్లీ అంత దుమ్మూ పేరుకుంటోందట. కరెంటు మూడో వంతుకు పడిపోయింది. ఊపిరికీ వేడికీ పోను మిగిలినవాటికి కోత పెట్టారు. తడి పీల్చే యంత్రాన్ని దాదాపు ఆపేశారు.

బుధవారం

రాయడానికి సిగ్గుగా ఉంది. ఊరంతా చీకటి, బయట తుఫాను, అయినా ఇంత హాయిగా నేనెన్నడూ లేను.

పొద్దున్న లేచేసరికి పెదాలు మెత్తగా ఉన్నాయి. దువ్వెన పెడితే జుట్టు గాలిలోకి లేవలేదు, బుద్ధిగా భుజాల మీద కూర్చుంది. తలుపు గడియ నన్ను కరవలేదు. ఇళ్లను కలిపే సొరంగం గోడలకు సన్నటి చెమ్మ పట్టింది. బడిపిల్లలు వేళ్లతో గోడల నిండా పేర్లు రాసేశారు, వాళ్ల పంతులమ్మ పేరు మరీ పెద్దగా. కొసరులో ఊరంతా పెద్ద సొరంగంలోకి వచ్చింది. ఎవరికీ పనేమీ లేదు. ఊరికే నిలబడి గాలి పీలుస్తున్నారు. సలోమి చెప్పులు విడిచి మడమలు చూపించింది.

"చూడక్కా, పగుళ్లు మూసుకుంటన్నాయి. పెళ్లికి కాళ్లకి వెండిపట్టాలేసుకోవచ్చు!"

నేను ఊదిన రీడు మళ్లీ జాడీలో పెట్టడం మానేశాను. ఎందుకు పెట్టాలి? బయటి గాలే తేనెలా ఉంది. మూడు రీడ్లలో రెండింటిని వాయిద్యం పక్కనే ఉంచుకుని, ఒకటి మార్చి ఒకటి ఊదాను. చప్పుడు గోడల మీద జారి, మలుపు తిరిగి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది. భూషణం డ్రమ్ము కూడా గొంతు విప్పింది.

ఊళ్లో ఏడుపు ముఖం ఒక్క గాలిరాజుగారిదే. గుడ్డలు చేత పట్టుకుని బోర్డుల చుట్టూ తిరుగుతున్నారు. తుఫాను మొదలైన దగ్గర్నుంచి కన్ను మూయలేదని సలోమి చెప్పింది.

శుక్రవారం

రీడ్లు రెండూ పోయాయి. ఈ పొద్దున్న చూస్తే చుక్కచుక్కలుగా నల్లబూజు. నా అత్యాశే వాటిని తిన్నది. జాడీలో ఉన్న మూడోది మాత్రం పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. బయటి గాలి తడి తొంభై దాటింది, జాడీలో అదే డెబ్బై అయిదు.

పెద్ద సొరంగం పైకప్పు నుంచి మొదటి చుక్క రాలింది. ఇక్కడ చుక్కలు తీరికగా రాలుతాయి. పిల్లలు దాని కింద నోళ్లు తెరిచి నిలబడ్డారు. నేనూ నవ్వుతూ తల ఎత్తాను. అప్పుడు కనిపించింది, చుక్క పుట్టిన చోటు. దాని పక్క గోడకే పెద్ద కరెంటు బోర్డు గది.

శుక్రవారం, తర్వాత

జాడీ చంకన పెట్టుకుని బోర్డు గదికి పరిగెత్తాను. గాలిరాజుగారు నిచ్చెన మీద ఉన్నారు. కళ్లు మిరపపళ్లు. గుడ్డతో తుడుస్తున్నారు. తుడిచిన చోట మళ్లీ చెమ్మ.

"రాజుగారూ, ఒక్కసారి దిగండి."

"దిగితే మునుగుతామండి!"

"ఇది చూడండి. బయట తొంభై రెండు. జాడీలో డెబ్బై అయిదు. కరెంటు లేదు, యంత్రం లేదు. ఉప్పొక్కటే."

ఆయన దిగారు. మీటరు వైపు చూశారు. ఆయన మెదడు కదలడం నాకు కనిపించింది.

"డెబ్బై అయిదు చాలదండి. బోర్డుకి నలభై లోపుండాలి."

"తినే ఉప్పు డెబ్బై అయిదు దగ్గర ఆగిపోద్ది. చేదుప్పు ఆగదండి. అది బకాసురుడు. ముప్పైకి దించుద్ది, ఇంకా తాగుతానంటది."

"ఊరంతా ఎంత ఉప్పని పోస్తామండీ?"

అని ఆయనే ఆగిపోయారు. గది తలుపు వైపు చూశారు, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు అంచు వైపు చూశారు.

"ఊరంతా ఎందుకండీ?" అన్నారు మెల్లగా, తనతో తనే తగువాడుతున్నట్టు. "బోర్డుల గదులెండితే చాలు కదా. ఇన్నాళ్లూ గదుల కోసం ఊరిని ఎండబెట్టేనా నేను?"

"మీ తమ్ముడికి అలా అయినప్పుడు చుక్క ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదుగా మీకు."

"తెలీదు," అన్నారు. ఆ మాట ఆయనకు కొంచెం ఊరట ఇచ్చినట్టుంది.

ఇక చూడాలి మా హడావుడి. చేదుప్పు ఒంట్లోకి పోతే థైరాయిడ్ దెబ్బతింటుంది. అందుకని సలోమి మాస్కూ తొడుగులూ లేనివాళ్లని షెడ్డు గడప తొక్కనివ్వలేదు. పెళ్లికొడుకు మాస్కు ముక్కు కిందికి జారిందని అందరి ముందూ మొట్టికాయ వేసింది. పళ్లాలు, బేసిన్లు, బేకరీ ట్రేలు, ఏది దొరికితే అది నింపాం. పైన పలచటి గుడ్డ కప్పాం. సామాన్ల బండి మీద పేర్చి సొరంగంలో తోసుకెళ్తుంటే పిల్లలు వెనకే పరిగెత్తారు. దారి పొడుగునా గాలిరాజుగారు "తొక్కకండి, ముట్టుకోకండి, నవ్వకండి" అని అరుస్తూనే ఉన్నారు. నవ్వకండి అనేసరికి అందరికీ ఇంకా నవ్వొచ్చింది.

ప్రతి బోర్డు గదిలోనూ ట్రేలు పెట్టి తలుపులు బిగించాం.

శనివారం

ట్రేలలో ఉప్పు లేదు. నీళ్లున్నాయి! గట్టి పలుకులన్నీ తాగి తాగి ద్రవమైపోయాయి. బోర్డు గదిలో తడి ముప్పై నాలుగు. వేలితో రాస్తే బోర్డు మీద పొడి దుమ్ము. గాలిరాజుగారు ఆ దుమ్మున్న వేలిని అందరికీ చూపించారు, ఓటేసి వచ్చినవాళ్లు చూపించినట్టు.

పాత ట్రేలు తీసి కొత్తవి పెట్టాం. తాగిన నీళ్లు ఎక్కడికీ పోవు. కరెంటు వచ్చాక వాటిని వేరు చేసుకుంటాం. సొరంగాల్లో మాత్రం తడిగాలి అలాగే ఉంది. పెళ్లి రేపే.

ఆదివారం

పెళ్లయింది! వరసగా రాయలేకపోతే క్షమించాలి.

ప్రార్థన, ఉంగరాలు, కన్నీళ్లు అన్నీ అయ్యాక ఊరేగింపు పెద్ద సొరంగం మొదట్లో నిలబడింది. దీపాలు సగం వెలుగులో ఉన్నాయి. పెళ్లికొడుకు మెడలో కాగితాల దండ, దండ మీద డ్రమ్ము. సలోమి తెల్లచీర, కాళ్లకు పట్టాలు. తోటవాళ్లు పూలు లేవని మెంతికూర ఆకులు చల్లారు. అవి తీరికగా తిరుగుతూ దిగుతున్నాయి. నేను జాడీ మూత తీసి నా ఆఖరి రీడును బయటికి తీశాను. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. బిగించాను. ఊదాను.

అబ్బ! ఎలా పలికిందో రాయడానికి నాకు మాటలు లేవు. మా నాన్న నరసాపురంలో పెళ్లిళ్లకు వాయించడానికి కట్టుకున్న వరస అది. మొదట నెమ్మదిగా నడుస్తుంది, మలుపు దగ్గర గెంతుతుంది. మలుపు రాగానే ఊరూ గెంతింది. ఇక్కడ గెంతితే మనిషి నిలువెత్తు లేస్తాడు. వంటాయన, పంతులమ్మ, ఆసుపత్రి డాక్టరు, అందరూ లేస్తున్నారు, దిగుతున్నారు, ఒకరి మీద ఒకరు వాలుతున్నారు. భూషణం దరువు వేస్తూనే గెంతి దండ మెడ వెనక్కి వేసుకున్నాడు.

సొరంగం సగం దాటాం. వరసను మూడోసారి పై స్థాయికి తీసుకెళ్లాను. అక్కడ రీడు కొస ఎగిరిపోయింది.

ఇత్తడి నోరు మూసుకుంది. భూషణం దరువు ఒంటరిదైపోయింది. సలోమి వెనక్కి తిరిగి చూసింది. ఇంక రీడు లేదని ఆమెకు తెలుసు, ఊరందరికీ తెలుసు. మాటిచ్చింది నేను. ఆ ఒక్క క్షణం నేలలోకి దిగిపోవాలనిపించింది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వరసను అందుకుంది. "తననా తననా" అంటూ, శ్రుతి ఒకవైపు తాను ఒకవైపు. తిరిగి చూస్తే గాలిరాజుగారు! కళ్లు మూసుకుని పాడుతున్నారు. పక్కన పంతులమ్మ కలిసింది. తర్వాత వంటాయన. తర్వాత ఎవరు ఎప్పుడు కలిశారో తెలియదు. పొడిగాలికి ఇన్నాళ్లూ అందరి గొంతులూ బొంగురే. మేం ఊళ్లో కలిసి పాడడం అనే మాటే ఎరగం. ఇప్పుడు ఆ గొంతులన్నీ తడిగా, నిండుగా, సొరంగం పొడుగునా పారుతున్నాయి. నేను సాక్సోఫోన్ వీపున వేసుకుని నోటితోనే వరస అందించాను. సలోమి నా చెయ్యి పట్టుకుంది. ఆ కొసకు చేరాం. చేరాక ఆపబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి మళ్లీ ఈ కొసకు వచ్చాం.

తుఫాను వెలిశాక, కొసరులో

ఆకాశం శుభ్రపడింది. పలకలు కడుపునిండా ఎండ తాగుతున్నాయి. కరెంటు పూర్తిగా వచ్చింది. యంత్రాన్ని మళ్లీ ఎప్పటిలా నూటికి పదిహేను తడికి తిప్పాలి. తిప్పడానికి గాలిరాజుగారు బోర్డు గది ముందుకొచ్చేసరికి ఊరంతా అక్కడ నిలబడి ఉంది.

"ఏటండీ ఇది?" అన్నారు.

"పదిహేను ఒద్దండి," అంది సలోమి. "మడమలు ఇప్పుడే మానేయి."

"బోర్డు గదుల్లో ట్రేలు ఎలాగూ ఉన్నాయిగా," అన్నాను నేను.

"అరవై పెట్టండి!" అని ఎవరో కేక. "తోటకి డెబ్బై!" "అప్పడాలు మెత్తబడతన్నాయయ్యా, ముప్పై చాలు!" అని వంటాయన. అంతే, వేలంపాట మొదలైంది. అంకెలు ఎగిరాయి, దిగాయి. గాలిరాజుగారు కాసేపు నోరు తెరిచి చూసి, చివరికి చెయ్యెత్తారు.

"నలభై అయిదు. అంతకు మించి నా గుండె ఒప్పుకోదండి. ఒకటోసారి... రెండోసారి..."

"మూడోసారి!" అని సొరంగం దద్దరిల్లింది.

ఆయన లోపలికి వెళ్లి మీట మీద చెయ్యి వేశారు. చెయ్యి కదల్లేదు. నేను పక్కనే ఉన్నాను. చెంపల మీద చెమట చూశాను.

"తమరూ చెయ్యి వెయ్యండి కుముదినిగారూ. ఒక్కడి వల్ల కావట్లేదు."

ఆయన చెయ్యి మీద నా చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి తిప్పాం. నలభై అయిదు దగ్గర ఆగింది. ఆయన బోర్డుకు చెవి ఆనించి, నేల మీదే కూర్చున్నారు. ఎక్కడైనా చిటుక్కుమంటుందేమోనని వింటున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. బయట జనం గుసగుసలాడుతూ నిలబడ్డారు. ఇంకాసేపు విన్నాం. ఏ చప్పుడూ లేదు.

"ఊపిరి బాగా ఆడతందండి," అన్నారాయన.

ఏమైనా జవాబు చెబుదామని తిరిగి చూసేసరికి, తల బోర్డుకు ఆనించుకునే నిద్రపోయారు. నుదుటి మీద గీతలు మూడూ సాపయ్యాయి. ఒక్క నిమిషంలో గురక మొదలైంది. మంద్రంలో ఎత్తుకుని, నిదానంగా పైకెక్కి, పైన కాసేపు నిలిచి దిగుతోంది.

సలోమి తలుపులోంచి తొంగిచూసి నోరు గట్టిగా మూసుకుంది. నేను వేలు పెదాల మీద పెట్టుకుని బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా చేరవేశాను. నవ్వు ఆపుకోలేక భుజాలు ఊగిపోతున్న ఆ జనమంతా, చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద, ఎవరి దారిన వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు.